ఒక్క బీరు కోసం 133 రోజులు పబ్ మానేశారు! లూయిస్ ఊరి హార్వీస్ బ్రూవరీ కథ

ఇవాళ సోది లేకుండా డైరెక్ట్‌గా మ్యాటర్‌లోకి వెళ్లిపోదాం.

2006 డిసెంబర్. ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరు, అందులో ఒక పాత పబ్. ఏళ్ల తరబడి రోజూ సాయంత్రం అక్కడికే వచ్చే జనం ఒక్కసారిగా లోపలికి వెళ్లడం మానేశారు. అంతటితో ఆగలేదు. గుమ్మం బయట నిలబడి, వచ్చేవాళ్లకి కూడా లోపలికి వెళ్లొద్దని చెప్పడం మొదలుపెట్టారు. అదీ ఎముకలు కొరికే చలికాలంలో.

రేట్లు పెంచారా? లేదు. పబ్ మూసేస్తున్నారా? అదీ లేదు. లోపల బీరు దొరకట్లేదా? బోలెడంత దొరుకుతోంది. ఒకే ఒక్క బీరు తీసేశారు. ఆ పబ్‌కి కాస్త దూరంలో, అదే ఊళ్లో తయారయ్యే బీరు. దాని కోసం ఈ గొడవ 133 రోజులు నడిచింది.

నాకు ఇది మొదట విన్నప్పుడు కొంచెం ఓవర్ అనిపించింది. ఒకటి లేకపోతే ఇంకోటి తాగొచ్చు కదా, దీనికి ధర్నా ఎందుకు? కానీ ఆ బీరు ఎలా తయారవుతుందో, పబ్‌లో ఎలా ఉంటుందో చదివాక ఆ కోపంలో ఒక ఇంజినీరింగ్ లాజిక్ కనిపించింది. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ లాజిక్ గురించే.

ముందుగా ఒక మాట. ఇది పెయిడ్ ప్రమోషన్ కాదు, తాగమని చెప్పే వీడియో అసలే కాదు. మద్యం ఆరోగ్యానికి హానికరం. ఏపీలో, తెలంగాణలో 21 ఏళ్లు నిండాకే లీగల్. నేను చెప్పేది ఒక వస్తువు ఎలా తయారవుతుంది, అది ఒక ఊరితో ఎలా ముడిపడుతుంది అన్న సంగతి మాత్రమే. ఓకేనా? స్టార్ట్ చేద్దాం.

ఊరు, నది, బ్రూవరీ

ఊరి పేరు లూయిస్. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి లెవెస్ అని చదివేస్తారు, కానీ పలికేది లూయిస్ అనే. లండన్‌కి దక్షిణంగా, ఈస్ట్ ససెక్స్ అనే కౌంటీలో ఉంది. సముద్రం ఒడ్డున ఉండే బ్రైటన్ సిటీ పక్కనే. చుట్టూ సౌత్ డౌన్స్ అనే సుద్దరాయి కొండలు, మధ్యలోంచి ఊజ్ అనే నది. మన లెక్కలో ఒక చిన్న మున్సిపాలిటీ టౌన్ అనుకోండి.

ఆ ఊజ్ నది ఒడ్డునే హార్వీస్ బ్రూవరీ ఉంది. బ్రూవరీ అంటే బీరు తయారుచేసే చోటు. 1790లో జాన్ హార్వీ అనే ఆయనతో మొదలైన వ్యాపారం ఇది. ససెక్స్ మొత్తంలో ఇప్పటికీ స్వతంత్రంగా నడుస్తున్న వాటిలో ఇదే అన్నిటికంటే పాతది. ఆయన వారసులు ఇప్పటికీ ఇందులో ఉన్నారు.

ఇప్పుడు కనిపించే టవర్ బిల్డింగ్ 1880ల మొదట్లో కట్టింది. విలియం బ్రాడ్‌ఫర్డ్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేశాడు. బ్రూవరీలు డిజైన్ చేయడమే ఆయన స్పెషాలిటీ. పైకి చూస్తే పాతకాలపు చర్చిలా ఉంటుంది. అందుకే ఊళ్లోవాళ్లు ముద్దుగా దాన్ని లూయిస్ కెథీడ్రల్ అంటారు.

ఏల్ వేరు, లాగర్ వేరు

హార్వీస్ తయారుచేసే అసలు సరుకు పేరు ఏల్. ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ తీర్చేద్దాం. బీరు అనేది పెద్ద ఫ్యామిలీ పేరు. అందులో రెండు పెద్ద శాఖలు ఏల్, లాగర్. మన దగ్గర వైన్ షాపుల్లో చల్లగా దొరికే బీరు దాదాపు అంతా లాగరే.

తేడా అంతా ఈస్ట్‌లో ఉంది. ఈస్ట్ అంటే చక్కెరని తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ బయటికి వదిలే సూక్ష్మజీవి. ఏల్ ఈస్ట్‌కి కొంచెం వెచ్చదనం కావాలి. సుమారు 15 నుంచి 24 డిగ్రీల మధ్య చురుగ్గా పనిచేసి, నురగతో పాటు పైకి తేలుతుంది. కొద్ది రోజుల్లోనే పని కానిచ్చేస్తుంది. లాగర్ ఈస్ట్ చల్లటి చోట, నిదానంగా పనిచేస్తుంది, తర్వాత వారాల తరబడి చల్లగా నిల్వ ఉంచాలి. అసలు లాగర్ అన్న మాటే నిల్వ చేయడం అనే అర్థమున్న జర్మన్ మాట నుంచి వచ్చింది.

వెచ్చగా పులిసే ఏల్‌లో పండ్ల వాసనలు, బిస్కెట్ లాంటి రుచులు ఎక్కువ. లాగర్ క్లీన్‌గా, తేలిగ్గా ఉంటుంది. ఇందులో ఏది గొప్ప అనేది కాదు పాయింట్. రెండూ వేరు వేరు సాఫ్ట్‌వేర్లు అనుకోండి.

పై నుంచి కిందికి పారే ఫ్యాక్టరీ

ఇప్పుడు ఆ టవర్ ఎందుకో చూద్దాం. కరెంటు మోటార్లు లేని రోజుల్లో వేల లీటర్ల ద్రవాన్ని ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకి పంపడం పెద్ద తలనొప్పి. దానికి వాళ్లు కనిపెట్టిన సొల్యూషన్ సింపుల్. నీళ్లని, గింజల్ని ఒక్కసారి పై అంతస్తుకి చేర్చేయాలి. అక్కడి నుంచి ఒక్కో స్టేజ్ ఒక్కో అంతస్తు కిందికి. మిగతా పని గురుత్వాకర్షణ చూసుకుంటుంది.

స్టేజ్ వన్, మాల్ట్. రాగి మాల్ట్ తాగని తెలుగు ఇల్లు ఉండదు కదా. రాగుల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి దంచుతాం. ఇక్కడ రాగుల బదులు బార్లీ, అంతే తేడా. గింజ మొలకెత్తేటప్పుడు అందులోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు తయారవుతాయి. అవే మనకి కావాల్సింది.

స్టేజ్ టూ, మ్యాష్. మాల్ట్‌ని మరలో పగలగొట్టి, సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో గంట, గంటన్నర నానబెడతారు. ఈ టెంపరేచర్ చాలా ముఖ్యం. మరీ వేడైతే ఎంజైములు చచ్చిపోతాయి, మరీ చల్లగా ఉంటే సరిగ్గా పనిచేయవు. చివరికి తియ్యటి రసం వస్తుంది.

స్టేజ్ త్రీ, మరగబెట్టడం. ఆ రసంలో హాప్స్ వేసి మరిగిస్తారు. హాప్స్ అంటే ఒక తీగ మొక్కకి కాసే పచ్చటి పూలు. ఇవి చేదునిస్తాయి, వాసననిస్తాయి, బీరు చెడిపోకుండా కొంతవరకు కాపాడతాయి. లూయిస్‌కి ఇదో అదృష్టం. హాప్స్ పండించే ఊళ్లు ససెక్స్‌లోనూ, పక్కనున్న కెంట్‌లోనూ ఉన్నాయి. ఫగుల్స్, గోల్డింగ్స్ అనే పాత ఇంగ్లిష్ రకాలే ఈ ఏల్స్‌కి వెన్నెముక.

స్టేజ్ ఫోర్, చల్లార్చి ఈస్ట్ కలపడం. ఇక్కడి నుంచి పని మనుషులది కాదు, ఈస్ట్‌ది.

మరి నీళ్లు? సుద్దరాయి కొండల మీద పడ్డ వాన నేలలోకి ఇంకి, రాళ్ల పొరల గుండా ఏళ్ల తరబడి వడకట్టుకుని కిందికి చేరుతుంది. హార్వీస్ వాడేది ఆ భూగర్భ జలమే. అంటే ఈ బీరులో ఎక్కువ భాగం ఆ ఊరి నేల కింది నీళ్లే.

1957 నాటి తోడు

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పార్ట్. మన ఇళ్లలో పెరుగు ఎలా తోడేస్తాం? నిన్నటి పెరుగు ఒక స్పూను తీసి ఇవాళ్టి పాలల్లో వేస్తాం. రేపటికి ఇవాళ్టిది. ఇంట్లో తోడు అయిపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లి, ఆంటీ, కొంచెం తోడు పెరుగు ఉందా అని అడుగుతాం.

బ్రూవరీలూ అచ్చం ఇదే చేస్తాయి. 1957లో హార్వీస్‌కి ఈస్ట్ అవసరమైంది. ఉత్తరాన యార్క్‌షైర్‌లో, ట్యాడ్‌కాస్టర్ అనే ఊళ్లో జాన్ స్మిత్స్ అనే బ్రూవరీ ఉంది. అక్కడి నుంచి తెచ్చుకున్నారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా అదే తోడు. ఏల్ ఈస్ట్ పైకి తేలుతుందని చెప్పుకున్నాం కదా, ఆ పైన తేలినదాన్ని మీగడ తీసినట్టు తీసి, తర్వాతి బ్యాచ్‌లో వేస్తారు. దాంట్లోంచి తీసి ఆ తర్వాతి దాంట్లో. ఇలా 60 ఏళ్లు దాటిపోయింది.

ఆలోచించండి, ఇన్నేళ్లలో ఆ ఈస్ట్ ఆ ఊరి నీళ్లకి, ఆ బ్రూవరీ గాలికి అలవాటు పడిపోయింది. కోడింగ్ భాషలో చెప్పాలంటే, యార్క్‌షైర్ కోడ్‌ని ఒకసారి ఫోర్క్ చేసి, 1957 నుంచి లూయిస్‌లో ప్రతి బ్యాచ్‌కి ఒక కమిట్ చేసుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఒరిజినల్ వేరు, ఇది వేరు.

అందులో ఇంకో ట్విస్ట్ ఉంది. 1999లో హార్వీస్ ఒక పాతకాలపు స్టౌట్‌ని మళ్లీ తయారుచేసింది. స్టౌట్ అంటే మాడేదాకా వేయించిన గింజలతో చేసే నల్లటి బీరు. పాత రోజుల్లో ఇంగ్లండ్ నుంచి రష్యా సామ్రాజ్యానికి ఓడల్లో వెళ్లిన రకం ఇది. అమ్మిన వ్యాపార సంస్థ పేరు ఏ లెకాక్. దాన్నే సీసాల్లో నింపి కార్కులు బిగించారు. నెలలు గడిచాక చూస్తే కార్కులు పైకి లేవడం మొదలైంది! లోపల మళ్లీ గ్యాస్ పుడుతోంది. కారణం వెతికితే, వాళ్ల ఈస్ట్‌లో ప్రధాన రకంతో పాటు డెబారియోమైసిస్ అనే ఇంకో రకం కూడా కాపురం ఉంటోందని తేలింది. మొదటి రకం వదిలేసిన చక్కెరల్ని ఇది తీరిగ్గా, నెలల తర్వాత తింటోంది.

వాళ్లు ఆ రెండో రకాన్ని తీసిపారేయలేదు. సీసాల్లో నింపే ముందే నెలల తరబడి ట్యాంకులో ఉంచి, దాని పని దాన్ని చేసుకోనిస్తున్నారు. బగ్ అనుకున్నది ఫీచర్ అయిపోయింది.

పీపాలో బతికే బీరు

ఇప్పుడు ఆ 133 రోజుల గొడవకి అసలు కీ ఇక్కడుంది. జాగ్రత్తగా వినండి.

మనకి తెలిసిన బాటిల్, క్యాన్, పెద్ద కంపెనీ డ్రాట్ బీరు సాధారణంగా ఫిల్టర్ చేసి, చాలాసార్లు వేడి చేసి, ఈస్ట్ లేకుండా చేసి, గ్యాస్ ఎక్కించి పంపిస్తారు. అది నిద్రపోయిన వస్తువు. నెలల పాటు ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు.

సంప్రదాయ ఇంగ్లిష్ ఏల్ అలా కాదు. ఈస్ట్ బతికుండగానే పీపాలో నింపేస్తారు. ఆ పీపాని కాస్క్ అంటారు. బ్రూవరీలో మొదలైన పులియడం పబ్ కింద సెల్లార్‌లో కూడా నిదానంగా కొనసాగుతుంది. మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో సెల్లార్ అంటే బైకుల పార్కింగ్ కదా, అక్కడ సెల్లార్ అంటే నేల కింద ఉండే చల్లటి గది. దాన్ని 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. ఇంగ్లండ్‌లో వేడి బీరు తాగుతారని జోకులు చూసుంటారు. వేడి కాదు, నేలమాళిగ చల్లదనం. ఐస్ కోల్డ్ చేస్తే దాని రుచి నాలుకకి తెలియదు.

పీపా రాగానే వాడటానికి లేదు. పక్కకి వాల్చి కదలకుండా పెట్టాలి. పైన చిన్న చెక్క మేకు లాంటిది కొట్టి, ఎక్కువైన గ్యాస్ బయటికి పోనివ్వాలి. ఈస్ట్ అడుక్కి దిగేదాకా ఒకటి రెండు రోజులు ఆగాలి. ఈ తేరుకునే పనికి సంప్రదాయంగా చేప లోపలి గాలితిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. అందుకే అక్కడ కొంతమంది శాకాహారులు ముందే అడిగి తెలుసుకుంటారు.

ఇక పైకి తేవడం ఎలా? చేతి పంపుతో. ఊళ్లలో బోరింగ్ కొడతాం చూడండి, అదే ప్రిన్సిపుల్. కౌంటర్ మీదున్న పొడుగాటి హ్యాండిల్ లాగితే, కింద పీపాలోని బీరు పైకి వస్తుంది. బయటి నుంచి గ్యాస్ ఏమీ కొట్టరు.

3 రోజుల లెక్క

ఇప్పుడు లెక్క చేద్దాం. చేతి పంపు కొట్టిన ప్రతిసారీ పీపాలో ఖాళీ అయినంత మేర గాలి లోపలికి వెళ్తుంది. గాలి తగిలితే రుచి పాడవడం మొదలవుతుంది. అందుకే తెరిచిన పీపాని 3 రోజుల్లో ఖాళీ చేయాలన్నది రూల్.

బాగా వాడకంలో ఉన్న చిన్న పీపా పేరు ఫర్కిన్. అందులో 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు, సుమారు 41 లీటర్లు పడతాయి. 72ని 3తో భాగించండి. రోజుకి 24 పైంట్లు అమ్ముడుపోవాలి. ఒక్కో రకానికి అంత. పోకపోతే నాలుగో రోజు పుల్లబడిన బీరే పోయాలి, లేదా పారబోయాలి.

మనకి ఇది కొత్త విషయమా? కాదు. కల్లు గుర్తు తెచ్చుకోండి. పొద్దున చెట్టు దించిన ఈత కల్లు తియ్యగా ఉంటుంది. ఎండెక్కే కొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి లెక్క మారిపోతుంది. దాన్ని బాటిల్లో పెట్టి పార్సిల్ పంపలేం. చెట్టు దగ్గర్లో ఉండాలి, గీసే మనిషి ఉండాలి, పొద్దున్నే వచ్చి తాగే జనం ఉండాలి. ఈ మూడింట్లో ఒకటి తగ్గినా కల్లు ఉండదు. పేరు అదే పెట్టి మందు కలిపిన నకిలీ వస్తుంది. ఆ నకిలీతో జనం ఆసుపత్రుల పాలైన వార్తలు మనం చూస్తూనే ఉన్నాం.

కాస్క్ ఏల్‌ది కూడా అదే ఫార్ములా. దగ్గర్లో బ్రూవరీ, పద్ధతి తెలిసిన సెల్లార్ మనిషి, రోజూ వచ్చే కస్టమర్లు. అంటే కస్టమర్ ఇక్కడ కొనేవాడు మాత్రమే కాదు, సిస్టమ్‌లో ఒక పార్ట్. వాళ్లు రావడం తగ్గితే బీరు పాతబడుతుంది. పాతబడితే రుచి పోతుంది. రుచి పోతే ఇంకొంతమంది మానేస్తారు. ఈ లూప్‌లో పడ్డ పబ్ బయటపడటం కష్టం. 2020లో లాక్‌డౌన్ పెట్టి పబ్‌లు మూసేయగానే సెల్లార్లలో ఉన్న బీరుని పారబోయాల్సి వచ్చింది. బతికున్న సరుకుకి పాజ్ బటన్ ఉండదు.

క్యాలెండర్ ప్రకారం వచ్చే బీర్లు

హార్వీస్ ఏమేం చేస్తుందో చూద్దాం. మెయిన్ హీరో ససెక్స్ బెస్ట్ బిట్టర్. 4 శాతం ఆల్కహాల్. బిట్టర్ అని పేరున్నా కాకరకాయ చేదు కాదు. బిస్కెట్ లాంటి మాల్ట్ రుచి మీద హాప్స్ చేదు ఒక గీత గీసినట్టు ఉంటుందని చెబుతారు. గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్‌లో 2005లోనూ, 2006లోనూ బెస్ట్ బిట్టర్ విభాగంలో చాంపియన్ ఇదే. ఆ 2006 గుర్తుపెట్టుకోండి, పని ఉంది.

అంతకంటే తేలిక రకం మైల్డ్. నల్లగా ఉంటుంది, 3 శాతమే. ఒకప్పుడు ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు సాయంత్రం తాగే బీరు ఇది. రంగు చూసి స్ట్రాంగ్ అనుకుంటారు, రంగుకీ ఆల్కహాల్‌కీ సంబంధం లేదు. రంగు ఎక్కువగా వేయించిన గింజల నుంచి వస్తుంది.

చలికాలం వస్తే ఓల్డ్ ఏల్. ముదురు రంగు, తీపి ఎక్కువ. మనకి సంక్రాంతికి అరిసెలు ఎలాగో, అక్కడ చలి మొదలయ్యాక దీని కోసం ఎదురుచూస్తారు.

నవంబర్‌లో బాన్‌ఫైర్ బాయ్. లూయిస్ అంటే ఇంగ్లండ్ అంతటా తెలిసేది నవంబర్ 5 రాత్రి మంటల పండుగతోనే. 1605లో పార్లమెంటుని పేల్చేయాలన్న కుట్ర విఫలమైన రోజు అది. దాంతో పాటు 1555 నుంచి 1557 మధ్య లూయిస్‌లో మతం పేరుతో సజీవదహనం చేసిన 17 మందిని కూడా తలుచుకుంటారు. కాగడాలు పట్టుకుని ఊరంతా ఊరేగుతారు.

జూలైలో టామ్ పెయిన్. ఇది మనిషి పేరు. 1776లో అమెరికా స్వాతంత్ర్యానికి ఊపు తెచ్చిన కామన్ సెన్స్ పుస్తకం రాసిన థామస్ పెయిన్ 1768 నుంచి 1774 దాకా ఈ ఊళ్లోనే ఉన్నాడు. ఉద్యోగం ఏంటో తెలుసా? ఎక్సైజ్ ఆఫీసర్! బీరు లాంటి సరుకుల మీద పన్ను లెక్కలు చూసే పని. ఆ ఎక్సైజ్ ఆయన పేరు మీద ఇప్పుడు బీరు అమ్ముతున్నారు.

ఇక ఎలిజబెతన్ ఏల్, 1953లో రాణి పట్టాభిషేకం కోసం చేసింది, 7.5 శాతం. ఇందాక చెప్పుకున్న ఇంపీరియల్ స్టౌట్ 9 శాతం. ఈ రెండూ చిన్న గ్లాసులో నిదానంగా తాగేవి.

లిస్ట్ చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఇది ప్రోడక్ట్ కేటలాగ్ కంటే ఎక్కువగా ఊరి క్యాలెండర్‌లా ఉంది.

మధ్యలో ఏం జరిగింది

1960ల్లో బ్రిటన్‌లో పెద్ద బ్రూవరీలు చిన్నవాటిని వరుసగా కొనేశాయి. కొని, చాలా వాటిని మూసేశాయి. వాళ్లకి అసలు కావాల్సింది వాటి చేతిలో ఉన్న పబ్‌లు. అక్కడ టైడ్ హౌస్ అనే పద్ధతి ఉంది. పబ్ బిల్డింగ్ బ్రూవరీది అయితే, అందులో ఏ బీరు అమ్మాలో కూడా బ్రూవరీయే చెబుతుంది. హార్వీస్‌కి కూడా ఇలాంటి సొంత పబ్‌లు నలభైకి పైగా ఉన్నాయి. చిన్న బ్రూవరీకి ఇది రక్షణ. పెద్ద కంపెనీ చేతిలో అదే ఆయుధం.

పెద్ద కంపెనీలు కాస్క్ బదులు కెగ్ తెచ్చాయి. ఫిల్టర్ చేసి, వేడి చేసి, గ్యాస్ కొట్టిన బీరు. సెల్లార్ మనిషికి నైపుణ్యం అక్కర్లేదు, 3 రోజుల టెన్షన్ లేదు. వాట్నీస్ రెడ్ బ్యారెల్ అప్పట్లో బాగా పేరుపడ్డ కెగ్. వ్యాపారంగా చూస్తే తెలివైన పనే. కానీ ఏ ఊరికెళ్లినా అదే రుచి.

దీని మీద విసిగిపోయి 1971లో నలుగురు స్నేహితులు ఒక సంఘం పెట్టారు. అదే కాలక్రమంలో కాంపెయిన్ ఫర్ రియల్ ఏల్‌గా మారింది. అక్కడి వినియోగదారుల ఉద్యమాల్లో గట్టిగా నిలబడ్డ వాటిలో ఇదొకటి. హార్వీస్ లాంటి స్థానిక బ్రూవరీల పేరు మళ్లీ వినబడటం వెనుక ఈ ఉద్యమం ఉంది.

లూయిస్ ఆర్మ్స్, 133 రోజులు

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఆ పబ్ పేరు లూయిస్ ఆర్మ్స్. బఠాణీలు విసిరే పోటీలు పెట్టేంత సరదా పబ్. అయితే అది హార్వీస్ సొంత పబ్ కాదు. అప్పట్లో గ్రీన్ కింగ్ అనే పెద్ద కంపెనీది. దాని హెడ్డాఫీసు దూరంగా సఫక్ కౌంటీలో. అయినా అక్కడ హార్వీస్ బెస్ట్ అమ్మేవాళ్లు, జనం ఎక్కువగా తాగేదీ అదే.

2006 డిసెంబర్‌లో గ్రీన్ కింగ్ దాన్ని తీసేసింది. మా పబ్, మా బీరు అన్నది వాళ్ల లెక్క. చట్టం ప్రకారం పూర్తిగా వాళ్ల హక్కు. గమనించండి, సరిగ్గా అదే ఏడాది హార్వీస్ బెస్ట్ జాతీయ స్థాయిలో వరుసగా రెండోసారి చాంపియన్ అయ్యింది.

రెగ్యులర్ కస్టమర్లకి చేతిలో షేర్లు లేవు, ఓటు లేదు. కానీ ఇందాక వేసుకున్న లెక్క గుర్తుందా? రోజుకి 24 పైంట్లు. రెగ్యులర్లు రాకపోతే పీపా పాడవుతుంది. కాస్క్ ఏల్ నడిచే పబ్‌లో వాళ్ల రాకే అసలు పవర్. ఆ పవర్‌నే వాడారు. సంతకాలు సేకరించారు, చలిలో గుమ్మం దగ్గర కాపలా కాశారు, ఊరి ఎంపీ మద్దతిచ్చాడు, జాతీయ పత్రికలు రాశాయి. పబ్ వ్యాపారం కుప్పకూలింది. 133 రోజుల తర్వాత, 2007 ఏప్రిల్‌లో గ్రీన్ కింగ్ వెనక్కి తగ్గి హార్వీస్‌ని మళ్లీ తెస్తామని ప్రకటించింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. గ్రీన్ కింగ్ కూడా కొత్తగా పుట్టిన విలన్ కాదు. 1799 నుంచి ఉన్న బ్రూవరీ, వాళ్లూ కాస్క్ ఏల్ చేస్తారు. కాబట్టి ఇది మంచి బీరుకీ చెడ్డ బీరుకీ జరిగిన ఫైట్ కాదు. పక్కనే తయారయ్యే బీరు తాగాలా, దూరంగా ఉన్న హెడ్డాఫీసు పంపింది తాగాలా అన్నది ఎవరు డిసైడ్ చేయాలి? ఫైట్ దాని మీద.

జనం అంతలా ఎందుకు నిలబడ్డారో అర్థం కావాలంటే 2000 అక్టోబర్‌కి వెళ్లాలి. ఊజ్ నది పొంగి లూయిస్ మునిగిపోయింది. నది ఒడ్డునే ఉన్న బ్రూవరీలోకి నీళ్లొచ్చాయి, పని ఆగిపోయింది. మనుషులు లేకపోయినా పైన ట్యాంకుల్లో ఉన్న ఈస్ట్ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఆ బీరుని నది పేరు కలిపి ఊజ్ బూజ్ అని అమ్మి, ఆ డబ్బు వరద సాయానికి ఇచ్చారు. ఊరు మునిగినప్పుడు తనతో పాటు మునిగిన బ్రూవరీని ఊరు పరాయిదిగా చూడదు కదా.

లాస్ట్ పాయింట్

బీరు పక్కన పెట్టేయండి. ఈ కథలో మనం తీసుకెళ్లాల్సింది ఒకటుంది. కొన్ని వస్తువులకి స్కేల్ చేయడం కుదరదు. వీధి చివర రుబ్బిన పిండితో వేసే ఇడ్లీ, ఊళ్లో గానుగ నూనె, పొద్దున్నే దించే నీరా, ఇవన్నీ ఆ టైపే. దగ్గర్లో చేసేవాళ్లుండాలి, దగ్గర్లో కొనేవాళ్లుండాలి. అవి పోయాక బాధపడుతూ పోస్ట్ పెడతాం, లైకులొస్తాయి. కానీ పోకముందు వారానికి ఎన్నిసార్లు అక్కడికి వెళ్లాం? లూయిస్ జనానికి బాయ్‌కాట్ చేసే బలం ఎక్కడి నుంచి వచ్చిందంటే, అంతకు ముందు ఏళ్ల తరబడి రోజూ వెళ్లడం నుంచే. ఎప్పుడూ వెళ్లనివాడు మానేస్తానని బెదిరిస్తే ఎవడు భయపడతాడు చెప్పండి?

మీ ఊళ్లో ఇలా దగ్గర్లో తప్ప దొరకని, స్కేల్ కాని వస్తువు ఏంటో కామెంట్‌లో రాయండి. చేసేవాళ్లు ఇంకా ఉన్నారా, ఎంతమంది మిగిలారు, అదీ రాయండి. మంచివి ఏరి వాటి మీద ఒక ఎపిసోడ్ చేద్దాం. అప్పటిదాకా ఉంటా మరి, బై.